ఒక గిన్నెలో అద్దుకొని తినుట

రాబోవు క్రిస్మసు విందునాడు వసతిగృహపు పిల్లలందరికి ఒక క్రొత్త వంటకము చేయించవలెనని మన పూర్వవిద్యార్థు లొకరు కోరి, అందుకగు వ్యయములో సగము తామే భరింతుమని వ్రాసిరి. వారిప్పుడు అమెరికాదేశమున నుద్యోగము చేయుచున్నారు. వంటకము కోడిమాంసముతో చేయునది. మిక్కిలి కారము గలది, చీజు దండిగా పడునది. వేడివేడిగా పెద్దగిన్నెలో పోసి నడుమ బెట్టగా, చుట్టు కూర్చున్నవారందరు రొట్టెముక్కలతో అద్దుకొని తినవలసినది. ఆ యుత్తరము ఉపాధ్యాయుల గదిలో చదువబడినది మొదలు మాలో రెండు పక్షము లేర్పడినవి. ఖర్చును గూర్చి కొందరు, ఆరోగ్యమును గూర్చి కొందరు, పరదేశపు తిండి మనకేల యని మరికొందరు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణ లన్నిటికంటె మెల్లగా పలుకబడినదియు, అన్నిటికంటె బరువైనదియు నొకటి కలదు: “అందరును ఒక్క గిన్నెలోనా?” అనునది. ఈ వంటకము చేయవలెననియు, దానిని ఒక్క గిన్నెలోనే పెట్టవలెననియు నా యభిప్రాయము.

ముందుగా ఇది యేమి పదార్థమో పిల్లలకు చెప్పుట మంచిది. అమెరికాలో దీనిని బఫెలో చికెన్ డిప్ అందురు. ఈ పేరు వినగానే ఎనిమిదవ తరగతి వాడొకడు, ఇందులో బర్రెమాంసము కలుపుదురా యని యడిగెను. అట్లు కాదు. బఫెలో యనునది న్యూయార్కు రాష్ట్రములో ఈరీ సరస్సు నొడ్డున నున్న పట్టణము. 1964వ సంవత్సరమున నచటి యాంకర్ బార్ అను భోజనశాలలో టెరెస్సా బెల్లిస్సిమో అను నామె కోడిరెక్కలను నూనెలో వేయించి, వెన్న కలిపిన మిరపకాయల పులుసులో పొర్లించి వడ్డించెనని ప్రసిద్ధి. ఎవరికిని పనికిరానివని సూపులో వేసెడి రెక్కలు అప్పటినుండి ఆ దేశమంతట గిరాకి గల తిండియయ్యెను. తరువాతి కాలమున నెవరో ఎముకలు తీసివేసి, మాంసమును పీచులుగా చీల్చి, అదే కారమును మెత్తని చీజుతో కలిపి పొయ్యిలో కాల్చిరి. ఇరుగుపొరుగువారు బంతియాట చూచుటకు ఒక యింట చేరినపుడు దీనిని నడుమ బెట్టుకొని తినుట వారికి వాడుక. అచటి మన తెలుగువారును తమ కూటములలో దీనిని చేయుచు, పచ్చిమిరపకాయలును కొత్తిమీరయు అదనముగా వేయుదురని మన పూర్వవిద్యార్థి వ్రాసిరి. తెలుగువాని చేతికి చిక్కిన యే వంటకమైనను కారము తగ్గించుకొని బయటపడదు గదా!

‘డిప్’ అను మాటకు తెలుగు లేదని యొక మిత్రు డనెను. ఎందుకు లేదు? అన్నములో, రొట్టెలో నంజుకొని తినుదానిని మనము నంజు అందుము. పూర్వకావ్యములలో నంజుడు అనగా మాంసమే. కావున మాంసముతో చేసిన యీ నంజును గూర్చి మన భాష ఎప్పుడో రెండర్థములను ఒక మాటలో నిమిడ్చి యుంచినది.

ఇక పరదేశపు తిండి యను ఆక్షేపణ. ఆ గిన్నెలో పడు వస్తువుల నొక్కొక్కటిగా తీసి వాటి జన్మస్థానములు విచారింతము. మిరపకాయ మనది కాదు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో అమెరికాఖండమునుండి వచ్చినది. అంతకుముందు మన తాతలు కారమునకు మిరియములనే వాడిరి. పాలమూరు నల్లగొండ మెట్టభూములను పోషించిన జొన్న ఆఫ్రికాలో పుట్టినది. ఈ మూడింటిలో మనకు దగ్గర చుట్టము కోడియే. ఆగ్నేయాసియా అడవులలోని యెఱ్ఱని యడవికోడి దాని మూలపురుషుడని శాస్త్రజ్ఞు లందురు. అయినను జొన్నరొట్టెయు కోడికూరయు మన జిల్లాల పండుగ భోజనము కాదని చెప్పు ధైర్య మెవరికి కలదు? వచ్చిన వస్తువును ఎన్ని తరములు వండుకొంటిమో, ఎవరితో కలిసి తింటిమో, దానినిబట్టి యది మన దగుచున్నది. చీజు సయితము మన క్రైస్తవ గృహములలో క్రొత్తమాట కాదు; తెలుగు బైబిలులో దావీదు అన్నల క్షేమము తెలిసికొనుటకు పోవునపుడు సహస్రాధిపతికి కొనిపోయిన పది జున్నుగడ్డలు అవియే. భాషాంతరము చేసినవారు ఈనిన గేదె పాలతో చేయు మన జున్ను పేరును దానికి పెట్టిరి గాని వస్తువు వేరు.

చేయు విధము. అమెరికావారు వాడు మెత్తని చీజు మన సంతలో దొరకదు. హైదరాబాదు దుకాణములలో దొరికినను వెల హెచ్చు. దానికి బదులుగా గట్టి పెరుగును పలుచని బట్టలో మూటగట్టి రాత్రియంతయు వ్రేలాడదీసినయెడల నీరు కారిపోయి వెన్నవంటి ముద్ద మిగులును. పదిపండ్రెండుగురు పిల్లల గిన్నెకు ఎముకలేని మాంసము ఒక కిలో, మూటగట్టుటకు పెరుగు ఒక కిలో, దుకాణపు చీజు పావుకిలో, వెన్న రెండు గరిటెలు, వెల్లుల్లి ఒక గడ్డ, ఎండుమిరపకాయలు పదునైదు మొదలు ఇరువది వరకు, ఇంచుక సిర్కా, ఉప్పు తగినంత. మిరపకాయలను వేడినీట నానబెట్టి, వెల్లుల్లియు సిర్కాయు చేర్చి మెత్తగా నూరవలెను. మాంసమును ఉప్పునీటిలో ఉడికించి, ఆరిన తరువాత వ్రేళ్లతో సన్నని పీచులుగా చీల్చవలెను. నాటుకోడియైనచో రుచి మిన్న గాని ఉడుకుటకు చాల సేపు పట్టును, పీచు గట్టి. ఇంతమందికి వండునపుడు ఫారముకోడియే మేలు. మన వైపున షాద్‌నగరు చుట్టుప్రక్కల ఆ ఫారములకు కొదువలేదు.

ఇచట మన వంటవారు తెలిసికొనవలసిన మర్మ మొకటి కలదు. పెరుగును పెద్దమంటమీద పెట్టినచో విరిగి నీరు వేరు, గడ్డ వేరు అగును. వేడికిని పులుపునకును దానిలోని మాంసకృత్తులు బిగిసి నీటిని బయటికి నెట్టుటయే యిందుకు కారణము. అందుచేత పెరుగుముద్దలో రెండు చెంచాల శనగపిండి ముందుగా కలిపి, సన్నని సెగమీద కలియబెట్టుచు వేడిచేయవలెను. పనీరు తురిమి వేసినచో చీజు ఖర్చు తప్పునని యొకరు సూచించిరి. అది కుదరదు. పులుపుతో విరుగగొట్టిన పాలతో చేయు పనీరు ఎంత కాచినను కరగక ముక్కలుగానే నిలుచును. దుకాణపు చీజులో నీటిని క్రొవ్వును విడిపోనీయని లవణములు చేర్చియుందురు గనుక అది సాగుచు కరగి తక్కినవాటి నన్నిటిని ఒక్కటిగా పట్టి యుంచును. మాంసము, పెరుగు, నూరిన కారము, వెన్న, చీజులో మూడువంతులు కలిపి మట్టిమూకుడులో సర్ది, మిగిలిన చీజు పైన చల్లి, మూత పెట్టి, క్రింద సన్నని నిప్పులు, మూతపైన కొన్ని నిప్పులు వేసినచో ఓవెను లేని లోపము తెలియదు. అంచులందు బుడగలు వచ్చి పైపొర గోధుమవన్నె తిరిగినచో దింపవచ్చును. అద్దుకొనుటకు జొన్నరొట్టెలను ముక్కలుగా త్రుంచి పెనముమీద మరల కాల్చి గలగలలాడునట్లు చేయుదురు గాక. దుకాణపు చిప్సు పొట్లములపై పెట్టు ధనము ఆదాయగును, రుచియు హెచ్చు.

కారమును చీజును కలుపుటలో ఒక విశేష మున్నది. మిరపకాయలో నోరు మండించు పదార్థము నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. అందుచేతనే కారము తగిలిన పిల్లవాడు చెంబెడు నీళ్లు త్రాగినను మంట తగ్గక, గుక్కెడు పాలు త్రాగినచో తగ్గును. ఆ పదార్థము నిజముగా నోటిని కాల్చదు; వేడిని పసిగట్టుటకు దేవుడు మన నరములలో నుంచిన ద్వారమునే తట్టి, కాలినదను భ్రాంతి కలుగజేయును. ఆ ద్వారమును కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునికి 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆర్డెమ్ పటపూటియన్ అనువారు దానిని వారితో పంచుకొనిరి. పదవ తరగతి పిల్లలు దీనిని పరీక్షకొరకు కాక యూరక గుర్తుంచుకొందురుగాక.

ఆరోగ్యమును గూర్చిన ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయను. పచ్చికోడిని కొళాయిక్రింద కడుగుట మన యిండ్లలో ఆచారము. ఆ చిందిన నీటితోనే సూక్ష్మక్రిములు గిన్నెలకును కూరగాయలకును అంటును. ఉడికించుటయే వాటిని చంపును, మాంసపు నడిభాగము 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి రావలెను. పాలతోను మాంసముతోను చేసిన వంటకము బయట రెండు గంటలకు మించి యుండరాదు. గాలి 32 డిగ్రీలు దాటినచో ఒక్క గంటయే. డిసెంబరు సాయంకాలమున మనకు ఆ భయము తక్కువ. వార్షికోత్సవమును ఏప్రిలునకు జరుపుకొన్న సంవత్సరమున మాత్రము ఈ వంటకము తలపెట్టరాదు.

మిగిలినది ఎంగిలి. ఈ మాటలో రెండు సంగతులు చిక్కుపడి యున్నవి గనుక విడదీసి చూడవలెను. కొరికిన ముక్కను మరల గిన్నెలో ముంచినచో ఒకని యుమ్మి మరియొకనికి చేరును. జలుబు, దగ్గు మొదలైనవి వ్యాపించును. 2020లో కోవిడు వచ్చినపుడు ఈ సంగతి చిన్నపిల్లలకు సయితము తెలిసినది. ఇది న్యాయమైన జాగ్రత్త, దీనికి మందు సులువు. గిన్నెలో ఒక పెద్దగరిటె యుంచి, ఎవరికి వారు తమ ఆకులోనికి తీసికొని అద్దుకొనవలెను. గరిటె నోటికి తగులరాదు. తినకముందు చేతులు సబ్బుతో కడుగవలెను. అంతటితో ఆరోగ్యపు ఎంగిలి తీరినది.

రెండవ ఎంగిలి సబ్బుతో పోవునది కాదు. గరిటె సంగతి చెప్పిన తరువాత కూడ ఒక తండ్రి నాతో, “గరిటె బాగే సారూ, అయితే మా పిల్లగాని గిన్నె వేరే పెట్టించుండ్రి” అనెను. ఏల యని యడుగగా బదులు చెప్పక నవ్వెను. ఆ నవ్వు ఈ జిల్లాలలో ఉపాధ్యాయుడైన ప్రతివానికి తెలిసినదే. ఆయన సంఘమునకు క్రమముగా వచ్చువాడు, కానుక లిచ్చువాడు. ఆయనను నిందించుట నా యుద్దేశము కాదు. ఆ మాట మన గోడల లోపలనే యింకను పలుకబడుచున్నదని చెప్పుటయే నా యుద్దేశము.

1890లో ఏబ్రహాము ఫ్రీజెన్ దొరగారును వారి దొరసానిగారును నల్లగొండకు వచ్చి మిషను పని ప్రారంభించిరి. వారు రష్యాదేశపు మెన్నొనైటు బ్రదరెను సంఘమువారు. తెలుగుదేశపు మిషనుల చరిత్ర చదివినవారికి తెలిసిన సంగతి యేమనగా, సువార్తను అంగీకరించినవారు తమ పాత దేవతలను విడిచినంత సులభముగా తమ పాత పంక్తులను విడువలేదు. మాలలు మాదిగలు ఒక బావి నీరు త్రాగుట, ఒక పంక్తిని భుజించుట అనేకచోట్ల ప్రార్థనలకంటె కష్టమైన పనియయ్యెను. ఇరువురును ఊరివారిచే వెలివేయబడినవారే. అయినను తమలో తాము మెట్లు లెక్కించుకొనిరి. బోర్డింగు పాఠశాలలు ఈ విషయమున చేసిన మేలు మన పెద్దలు తగినంతగా చెప్పరు. ప్రసంగములు వినిన పెద్దవారు మారినదానికంటె, ఒక కుండలోని అంబలిని ఏండ్లతరబడి కలిసి త్రాగిన పిల్లలు ఎక్కువగా మారిరని నా నమ్మకము.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అంతియొకయ సంఘములో అన్యజనులతో కూర్చుండి భుజించుచుండిన పేతురు, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుదీసి వేరుపడెను. పౌలు అందరియెదుట ఆయనను నిలువదీసెనని గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో చదువుదుము. అపొస్తలులలో ముఖ్యునికే తప్పని శోధన యిది. దానికి ముందు పాతనిబంధనలో రూతు కథ కలదు. మోయాబీయురాలు, విధవ, పరిగె యేరుకొన వచ్చినది. బోయజు ఆమెకు వేరుగా గిన్నెడు పంపలేదు. పనివారి ప్రక్కన కూర్చుండి వారి చిరకలోనే రొట్టెముక్క ముంచి తినుమని పిలిచెను. దయ చూపుటకు ధాన్యము చాలును. ఆమె తమలోనిదేయని చూపుటకు ఆ గిన్నె కావలసివచ్చెను.

క్రైస్తవులు కాని తల్లిదండ్రులు మన పాఠశాలకు పిల్లలను పంపువారు పెక్కుమంది కలరు గనుక, వారి నిమిత్తము కృష్ణకు ఆవలి గట్టును చూపుదును. నాగార్జునసాగరు దాటిన తరువాత మాచర్ల. పండ్రెండవ శతాబ్దమున పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని ప్రసిద్ధి. దానికి చాపకూడు అని పేరు. ఆయన మాల కన్నమదాసును కుమారునిగా చేసికొని సేనానిని చేసెనని వీరగాథ చెప్పును. కారెంపూడిలో వీరుల ఉత్సవమునందు చాపకూడు నేటికిని జరుగుచున్నది. కావున కలిసి తినుట దొరలు తెచ్చిన ఆచారమని యెవరైన ననినచో, వారు తమ పొరుగు సీమ కథనే వినలేదన్నమాట. రాజ్యాంగము 1950లో పదునేడవ అధికరణముచేత అంటరానితనమును రద్దు చేసినది. చట్టము బావిని, హోటలును, బడిని తెరువగలదు. పండుగనాడు ఎవరి ప్రక్కన కూర్చుందుమో యది మాత్రము మన చేతిలోని పని.

మాంసము తినని పిల్లల మాట యేమి యని సహోపాధ్యాయిని యొకరు అడిగిరి, మంచి ప్రశ్న. వారికి ఉడికిన శనగలతో అదే నంజును వేరు మూకుడులో, వేరు గరిటెతో చేయవలెను. చీజు కొనునపుడు పొట్లముమీది ఆకుపచ్చ చుక్క చూడవలెను. ముస్లిము బాలుర నిమిత్తము కోడిని హలాలు చేయు అంగడినుండియే తేవలెను. మన బజారులో అది కష్టము కాదు. ఇది వేరు గిన్నె కాదా, ఇందాక వేరు గిన్నె వద్దంటిరే యని తార్కికులు నన్ను పట్టుకొనవచ్చును. తన మనస్సాక్షినిబట్టి ఒక పదార్థమును విడుచువాడు పదార్థమునుండి దూరమగుచున్నాడు. అతడు ఆ చాపమీదనే, మాంసము తినువాని మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండగలడు. ప్రక్కవాడు తగులునని గిన్నె మార్చుకొనువాడు మనుష్యునినుండి దూరమగుచున్నాడు. మొదటివానికి శనగలు వండించుట మన ధర్మము. రెండవవానికి ఏమి వండించినను చాలదు.

ఖర్చు సంగతి కొద్దిమాటలు. ప్రతి సంవత్సరము పిల్లలకు బిర్యానీ పొట్లములు కట్టించి పంచుచున్నాము. ఆ పొట్లము తీసికొని యొకడు మెట్లమీద, ఒకడు చెట్టుక్రింద, ఒకడు తన గదిలో మంచముమీద కూర్చుండి తినును. పది నిముషములలో విందు ముగియును. ఆ ధనముతోనే యిది జరుగును, దాతగారి సగముతో కొంత మిగులును. కోడి వెల పండుగముందు పెరుగును గనుక వర్తకునితో నవంబరులోనే మాటాడుకొనవలెను.

నా ప్రార్థన యిది. తొంబదియారుగురు పిల్లలకు ఎనిమిది గిన్నెలు. ఏ గిన్నెయొద్ద ఎవరు కూర్చుండవలెనో స్నేహితుల యిష్టమునకు గాని, తరగతికి గాని, ఊరికి గాని విడువక చీట్లు వేసి నిర్ణయించవలెను. ప్రతి గిన్నెయొద్ద ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో పిల్లలతోపాటు నేలమీదనే కూర్చుండి తినవలెను. బల్లలు కుర్చీలు తమకు వేరుగా వేయించుకొనరాదు. పై తరగతివారు రొట్టె కాల్చుటకును, చిన్నవారు చాపలు పరచుటకును, బాలురు బాలికలు అను భేదము లేక అందరును అంట్లు తోముటకును పంచుకొనవలెను. తల్లిదండ్రులకు ఆ సాయంకాలము ఆరుగంటలకు ఆహ్వానము పంపవలెను. వారికి తొమ్మిదవ గిన్నె, అదియు ఒక్కటే.

విందు సంఘమువారు దీనికి సమ్మతించినచో, మూకుళ్ల నిమిత్తము కుమ్మరికి ఇప్పుడే చెప్పవలెను. క్రొత్తమట్టిపాత్ర రాత్రియంతయు నీట నానవలెను, ఆ మీద రెండుమూడుసార్లు గంజి కాచినగాని నిప్పుమీద పగులక నిలువదు. శనగల గిన్నెతోను, పగులు వాటికి బదులు రెండింటితోను కలిపి పండ్రెండు చెప్పిన చాలును.